నాయనమ్మ ఉన్న జవాబు

నా చిన్నప్పుడు మా బడిలో గైడు చూసి జవాబు రాయడమంటే దొంగతనంతో సమానం. ఉన్న ఒక్క గైడునూ మా సారు ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశాడు. ఆయన తిరుమలాయపాలెం దిక్కునుంచి వచ్చిన మనిషి. టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న మా చిన్న ఊళ్ళో, ఒకే గది బడిలో, ఐదు తరగతులకూ ఆయన ఒక్కడే. మేం ఏం చెప్పినా ఒకటే అడిగేవాడు: "ఎవరు సూసిండ్రు?" ఇరవై ఒక్క రోజులు పొదిగితే కోడిపిల్లలు బయటికొస్తాయంటే, ఎవరు సూసిండ్రు? తూనీగలు కిందికి ఎగిరితే వానొస్తుందంటే, ఎవరు సూసిండ్రు? చూసినవాళ్ళు చూసింది రాయాలి, చూడనివాళ్ళు పోయి చూసి రావాలి. అంతే మా సిలబస్. ఇప్పుడు దానికి నోరు తిరగని పేర్లు పెట్టారు గానీ అప్పుడు మాకదొక ఆట.

ఆ ఆటలో నేనే ముందుండేదాన్ని. ఎందుకంటే నాకు చూడడం నేర్పింది మా నాయనమ్మ. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకులు మందంగా పడి ఉంటే ఏరుకోవడానికి పువ్వు కనిపించదు. అందుకని పువ్వు రాలే కాలానికి ముందే ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. మా దిక్కున అందరూ చేసే పనే అది. మా నాయనమ్మ తీరు మాత్రం వేరు. ముందు ఆకులన్నీ లోపలికి ఊడ్చేది. నిప్పు దాటకుండా చుట్టూ మట్టి కనిపించేలా బాట తీసేది. గాలి లేని పొద్దు చూసి అంటించేది. ఆ తర్వాత చేతిలో పచ్చికొమ్మ పట్టుకుని కూర్చునేది. ఆకలేస్తుందని నేనెంత గునిసినా లేచేది కాదు. "జర ఆగు బిడ్డా, పొగ ఇంకా పోలే" అనేది.

ఒక ఏడు గుట్ట అవతల వెదురు తోట కాలిపోయింది. అది అటవీశాఖ వాళ్ళు, అంటే మా మాటలో జంగ్లాతోళ్ళు, పెంచిన తోట. ఎవరో అంటించి కాపలా ఉండకుండా పోయి ఉంటారు. ఎవరన్నది ఈనాటికీ తెలియదు. కానీ జంగ్లాతోళ్ళకు మాత్రం ఎవరో ఒకరు దొరకాలి కదా.

వారం తిరక్కుండానే బడి ముందు జీపు ఆగింది. అడవిని కాపాడాలని పిల్లలకు నాలుగు మాటలు చెప్పడానికి జంగ్లాతు పెద్దసారు వచ్చాడు. మన అడవిలో మంటలు ఎందుకు వస్తాయో రాయమని ముందురోజే మా సారు అడిగాడు. నేను పది వాక్యాలు రాశాను. సారు మురిసిపోయి, నా నోటుబుక్కు అందరివాటికన్నా పైన పెట్టి చూపించాడు. పెద్దసారు మొదటి వాక్యం పైకి చదివాడు: "మా నాయనమ్మ ఇప్పచెట్టు కింద ఆకులకు నిప్పు పెడుతుంది."

చదివి ఆగాడు. కింద ఇంకా తొమ్మిది వాక్యాలున్నాయి. వాటి మొహం కూడా చూడలేదు. నన్ను దగ్గరికి పిలిచి, తల నిమిరి, ఎంతో ముద్దుగా నాయనమ్మ పేరేంటని అడిగాడు. నేను, పిచ్చిమొద్దును, సంబరంగా చెప్పేశాను. ఏ చెట్టో చెప్పాను. దారి కూడా చెప్పాను. మా సారు మొహం ఎందుకలా పాలిపోయిందో నాకు అర్థం కాలేదు.

ఇంటికి పోయేసరికి వాకిట్లో ఆరబోసిన పువ్వు అలాగే ఉంది. నాయనమ్మ లేదు. జంగ్లాతోళ్ళు ఆమెతో పాటు ఆమె గంప కూడా పట్టుకుపోయారు. మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. రెండు తగిలించి ఉంటే ఎంత బాగుండేదో.

సారు ఆ సాయంత్రమే సైకిలెక్కి వాళ్ళ ఆఫీసుకు పోయాడు. ఆ పిల్లకు చూసింది రాయమని చెప్పింది నేనే, నన్ను కూర్చోబెట్టుకుని ముసలమ్మను వదిలిపెట్టండి అన్నాడట. ఎవరూ వినలేదు. రెండు రోజులు ఆ వరండాలోనే కూర్చున్నాడు. మూడో నాడు నాయనమ్మను సైకిలు మీద కూర్చోబెట్టి, తాను తోసుకుంటూ నడిచి తీసుకొచ్చాడు. పెద్దసారు పట్టుకుపోయిన నా నోటుబుక్కు కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. మర్నాడు బడిలో ట్రంకుపెట్టె తాళం తీసి, గైడు బల్ల మీద పెట్టి, మా వైపు చూడకుండా అన్నాడు: "ఇగ గిండ్ల ఉన్నదే రాయుండ్రి." తర్వాత ఆయన ఇంకెప్పుడూ ఎవరు సూసిండ్రని అడగలేదు. ఏడాది తిరగ్గానే బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు.

నాయనమ్మను మళ్ళీ చెట్టు దగ్గర కనిపించొద్దని బెదిరించి పంపారు. ఆ చెట్టు ఆమెది. కాగితం మీద కాదు, ఊరంతా ఒప్పుకున్న మాట మీద. ఆమె అత్తగారు ఏరిన చెట్టు అది. ఆ ఏడు మిగతా పువ్వంతా రాలి అక్కడే కుళ్ళిపోయింది. నాయనమ్మ పొద్దున్నే మెలకువ వచ్చి, పోవడానికి లేచి, గంప లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేది. అది చూడలేక నేను దుప్పటి ముసుగేసుకునేదాన్ని.

ఒక సాయంత్రం నా పక్కన చేరి, కొంచెం సిగ్గుపడుతూ అడిగింది: "గంత పెద్దసారు సదివిండంట గదా, నాకు గూడ సదివి ఇనిపియ్యి. నా గురించేం రాసినవ్ బిడ్డా?" ఆమెకు చదువు రాదు. కోపంగా అడగలేదు. ఫొటో తీశారని తెలిసి, అందులో తానెలా ఉందో చూపించమన్నట్టు అడిగింది. నేను నోటుబుక్కు తెరిచాను. కళ్ళ ముందు నా పది వాక్యాలూ ఉన్నాయి. నోరు మాత్రం గైడులో బట్టీపట్టింది చదివింది: "బాటసారులు నిర్లక్ష్యముగా పారవేసిన బీడీ ముక్కల వలన అడవులలో మంటలు సంభవించును."

నాయనమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది. "బాటసారులా? గాళ్ళెవరు బిడ్డా? మన అడివిల నేనెన్నడు సూడలే" అని నవ్వింది. తిరిగొచ్చాక అదే మొదటి నవ్వు. అంతలోనే నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. "గిది నువ్వు రాసింది గాదు. నువ్వు రాసిందైతే అండ్ల నేనుండాలె గదా."

నేను నోటుబుక్కు మూసేశాను. ఆమె నా వీపు మీద తట్టి, "సరే తియ్. నీకు సదవబుద్ధైన నాడు సదువు. నేనేడికి పోత?" అన్నది.

పోయింది. మరుసటేడు వానల్లో జ్వరం తగిలి, దవాఖానాకు చేర్చేలోపే పోయింది. అన్నాళ్ళూ నోటుబుక్కు నా సంచిలోనే ఉంది. రేపు చదువుదాం, రేపు చదువుదాం అనుకుంటూ ఏడాదికి పైగా గడిపాను. ఛీ, ఏం పిల్లనో నేను.

తర్వాత నేనూ టీచరునయ్యాను, రిటైరయ్యాను. ఈమధ్య పాఠ్యపుస్తకాలు తయారుచేసే వర్క్‌షాప్‌కు రమ్మన్నారు. పిల్లల్లో ఆలోచనాశక్తి పెంచే పాఠాలు కావాలట. ఒక చిన్న టీచరమ్మ ఎంతో కష్టపడి ఒక పేజీ రాసుకొచ్చింది: "మీ ఇంట్లోవాళ్ళు అడవిని ఎలా వాడుకుంటారు? దానివల్ల అడవికి ఏమవుతుంది? ఆలోచించి రాయండి." కింద పది గీతలు. మంచి ప్రశ్న. మా సారు చూస్తే ఎగిరి గంతేసేవాడు. నేను మాత్రం ఆ గీతల మీద వేలు పెట్టాను. ఈ గీతల మీద పిల్ల నిజం రాస్తే, ఆఖరి గీత దాకా చదివేదెవరమ్మా అని అడిగాను. "మార్కులెట్ల వెయ్యాల్నో రాసినం గదా మేడం" అన్నది పాపం. మార్కుల సంగతి కాదు తల్లీ అని జరిగిందంతా చెప్పాను. టీలు చల్లారిపోయాయి.

ప్రశ్న తీసేద్దామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. తీసేస్తే మళ్ళీ గైడే కదా. ఉపాధ్యాయుల కోసం ఉన్న పేజీలో ఒక్క వాక్యం చేర్చమన్నాను: పిల్ల రాసింది పిల్ల పక్కనే కూర్చుని చివరిదాకా చదవాలి, పిల్లను అడక్కుండా బయటివాళ్ళకు చూపించరాదు. అందరూ తలలూపారు. పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే పది గీతలూ ఉన్నాయి, నా వాక్యం లేదు. చోటు చాలలేదట. చోటు!

అందుకే మోకాళ్ళ నొప్పులున్నా బడులకు పోతున్నాను, పిలిచినా పిలవకపోయినా. ఆ పేజీలో జవాబు రాసిన పిల్ల పక్కన కూర్చుని, మొత్తం చదివి వినిపించమంటాను. మధ్యలో ఎవరైనా మాట్లాడితే కసురుకుంటాను కూడా. ముసలావిడకు చాదస్తమని వెనక నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

నా నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. అందులో పదో వాక్యం ఇది: "ఆఖరి పొగ పోయేదాకా మా నాయనమ్మ ఇంటికి రాదు, అందుకే ఆమె నిప్పు అడవిని కాల్చదు." ఆనాడు పెద్దసారు ఎదుట నేను నోరు తెరిచి చదవాల్సిన వాక్యం అది. ఇన్నేళ్ళలో ఎన్ని బడుల్లోనో, ఎంతమంది పిల్లలకో చదివి వినిపించాను. మా నాయనమ్మకు మాత్రం వినిపించలేదు.