పేక అన్నది మా పిల్ల

"వాకిట్లకు టీవీ తేకే అవ్వా. ఇంట్లనే పెట్టు. మనం నలుగురం చూద్దం."

"వాడకట్టంత వస్తున్నరు. ఇంట్ల యాడ పడ్తరు? మగ్గం గుంతల కూసోబెట్టాల్నా?"

"అందర్ని పిలవమని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? నా మనుమరాలు ఫైనల్ల కూసుంటుంటే నేను తలుపేసుకొని చూడాల్నా?"

"కూసుంటుంటే కాదు, కూసున్న. అది ఎప్పుడో అయిపోయింది. ఎన్నిసార్లు చెప్పాలె?"

"అయిపోతే ఇయ్యాల ఎట్ల వస్తది?"

"నీకు చెప్పుడు నాతోని కాదు."

అట్ల అని లోపలికి పోయింది పిల్ల. పొద్దుగూకే యాల్ల. నేను కోడలిని పిలిచి టీవీ ఒక దిక్కు పట్టుమన్న, ఇంకో దిక్కు నేను పట్టుకున్న. ఇద్దరం తెచ్చి అరుగు మీద పెట్టినం.

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు ముచ్చట ఇది. మాది చిట్యాల దాటినంక రోడ్డు దిగి లోపలికి పోయే ఊరు. మా వాడకట్టుల అందరివీ మగ్గాలే. దారానికి రబ్బరు పట్టీలు కట్టి, కట్టిన కాడ రంగు అంటకుండ ముంచి తీసి, ఆ దారంతోని నేస్తే బొమ్మ వస్తది. దాన్ని మేము చిటికి అంటం. నా కొడుకు నేస్తడు, కోడలు చిటికి కట్టేటందుకు దారం ఆసు పోస్తది, నేను దారం కండెలకు చుడ్త. మనుమరాలు ఒక్కతే పట్నంల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతుండె. ఏ కాయిదం దొరికినా చదివేది, కిరాణం పొట్లం గూడ ఇప్పి చదివినంకనే పారేసేది. ఆ చదువుతోనే టీవీల ప్రశ్నల పోటీకి పోయింది. ఒక్కొక్కటి గెల్సుకుంట ఫైనల్ దాక వచ్చింది.

నాకు సమజ్ కానిది ఒక్కటే. పిల్ల ఇంట్ల ఉన్నది, టీవీల గూడ ఉంటది. పోటీ ముందుగాలనే పట్నంల అయిపోయిందట. ఎవరు గెల్సిండ్రో ఎవ్వరికీ చెప్పొద్దని సంతకం తీసుకున్నరట. ఇంటికొచ్చినప్పటి సంది పిల్ల నోరు ఇప్పలే. తల్లికి చెప్పలే, తండ్రికి చెప్పలే. ఎదురింటాయన, నన్ను వదినె అని పిలుస్తడు, పొద్దున పొద్దున వచ్చి దాని మొకం చూసి పోయేటోడు. "గెల్సింది వదినె, గెల్సిన సంబురం లోపల పట్టుకున్నది" అన్నడు ఒకనాడు. తెల్లారి వచ్చి "ఓడినట్టే కొడ్తాంది" అన్నడు. మొకం అదే మొకం.

కోడలు నాకు చెప్పి చూసింది. "అత్తా, మనం చిటికి కట్టి రంగేసినంక బొమ్మ దారంలనే ఉంటది గదా. మగ్గం మీదికి ఎక్కినంక మనం చూస్తం. గిదీ గంతే. అయ్యేది అయ్యింది, మనం చూసుడే మిగిలింది."

"మగ్గం మీద గూడ పోగు పోగుకు జరుపుకుంటం గదనే. జరపకపోతే బొమ్మ పక్కకు పోతది. మరి అయిపోయినట్టు ఎట్ల?"

కోడలు "గది నాకు తెల్వదు" అన్నది. ఇగ ఇద్దరికీ తెల్వకుండనే పోయింది.

చీకటి పడకముందే వాడకట్టంత వచ్చి కూసున్నది. నేను శనగ గుగ్గిళ్లు ఉడకబెట్టి, తలా గుప్పెడు కాయిదంల పెట్టిచ్చిన. మిఠాయి తెప్పియ్యమన్నరు కొందరు. గెల్సినంక చూద్దం అన్న. టీవీ ఎలుగు ఉండంగ బుగ్గ ఎందుకని వాకిట్ల లైటు బంద్ చేసిన. నా కొడుకు అందరికన్న ముందట, టీవీకి దగ్గర్నే గొంతుకూసున్నడు. పిల్ల రానే రానన్నది. నేనే చెయ్యి పట్టుకొని తెచ్చి తండ్రి పక్కన కూసోబెట్టిన.

టీవీల మా పిల్ల వచ్చింది. తండ్రి నేసిన చీరనే కట్టుకున్నది. వాడకట్టు ఆడోళ్లందరు "అగో అగో" అన్నరు. నేను టీవీల పిల్లను చూస్త, మళ్ల పక్కన పిల్లను చూస్త. అక్కడ నవ్వుతాంది, ఇక్కడ గోర్లు కొరుకుతాంది. ఏ పిల్లను చూడాల్నో నాకు తెల్వలే. ఎదురింటాయన అయితే టీవీల దాన్ని చూసి "భయపడకు బిడ్డా, నిమ్మలంగ చెప్పు" అని ధైర్యం చెప్పవట్టిండు. అసలు పిల్ల ఆయన ముందటనే తల కిందికేసుకొని ఉన్నది. దానికి ఒక్కరు ధైర్యం చెప్పలే.

ముగ్గురు ఉండిరి పోటీల. ప్రశ్నలు అడిగే ఆయన తళతళ మెరిసే కోటు తొడుక్కున్నడు. సముద్రాల గురించి అడిగిండు, రాజుల గురించి అడిగిండు, చుక్కల గురించి అడిగిండు. మా పిల్ల మీట నొక్కుడు, చెప్పుడు. అది చెప్పింది ఒప్పో తప్పో మాకు తెల్వదు, గంట మోగితే చప్పట్లు కొట్టినం. ఒకసారి వేరేటోళ్లకు మోగిన గంటకు గూడ కొట్టినం. ముగ్గుర్ల ఒకరు తగ్గినంక ఆఖరుకు మా పిల్ల, కండ్లద్దాల ఆయన ఒకాయన మిగిలిండ్రు. ఇద్దరికీ సమానమట. ఒక్క ప్రశ్న ఉన్నదట.

తెర మీద ఒక చీర బొమ్మ పడ్డది. ఎర్ర చీర, తెల్ల గడులు.

"ఇది మీకు చాలా తేలికైన ప్రశ్న అనుకుంటున్నాను. మీ నాన్నగారు నేత పనివారే కదా?" అన్నడు కోటాయన నవ్వుకుంట. "ఈ చీరలో రంగు కోసం ముడివేసింది ఏ దారానికి? పడుగుకా, పేకకా, రెండింటికీనా?"

నిలువు దారం పడుగు, అడ్డం దారం పేక. ఇది మా వాడకట్టుల పాలు తాగే పోరగాండ్లకు గూడ తెలుసు. అందరం ఒక్కసారి కిలకిల నవ్వినం. దొరికింది గెలుపు అనుకున్నం. నా పక్కనామె నా తొడ మీద చరిచింది. మా పక్కనున్న పిల్ల మాత్రం లేవబోయింది. నేను కొంగు పట్టి కూసోబెట్టిన.

టీవీల పిల్ల మీట నొక్కి "పేక" అన్నది.

వాకిలంత ఒక్కటే చప్పట్లు. మేము ఎన్నడైనా కట్టేది పేకనే గదా. మా అత్త కట్టింది పేక, మా కోడలు కట్టేది పేక. పడుగుకు కట్టుడు, రెంటికీ కట్టుడు వేరే ఊర్ల పని. పిల్ల పుట్టినప్పటి సంది చూసింది పేకనే, చెప్పింది పేకనే. ఎదురింటాయన లేచి నిలవడి "వదినె, మిఠాయి" అన్నడు. ఆ లొల్లిల టీవీల ఏ గంట మోగిందో ఎవ్వరం ఇనలే. తెర మీద రంగు కాయిదాల పూలు పడవట్టినయి. పూలు పడ్తున్నయంటే మా పిల్ల మీదనే అనుకున్నం. మళ్ల చప్పట్లు కొట్టినం. పూల కింద చూస్తే కండ్లద్దాల ఆయన ఉన్నడు. పెద్ద కప్పు ఆయన చేతికి ఇచ్చిండ్రు. మా పిల్ల పక్కన నిలబడి ఆయనకు చెయ్యి కలిపింది.

"గదేంది, ఆయనకెందుకు ఇచ్చిండ్రు?" అన్న నేను.

ఎవ్వరికీ తెల్వలే. కోడలు ఒక్కతే మెల్లగ అన్నది, "రెండింటికీ అని ఆయన చెప్పిండత్తా."

ఇగ మొదలైంది. ఎదురింటాయన "టీవీవోడు తప్పు. గది పేకనే" అన్నడు. మూలమీది ఇంటాయన "కాదు, డబుల్, రెండింటికీ కట్టిండ్రు. గడి మూలలు చూడలేదా?" అన్నడు. "నువ్వు జన్మల డబుల్ నేసినవా?" "నువ్వు నేసినవా?" "నేను నెయ్యలే కాబట్టే నాకు తెలుసు, అది పేకనే." కొంతసేపటికి ఎవరు ఏ దిక్కు ఉన్నరో వాళ్లకే తెల్వకుండ అయింది. ఎవరిదో సెల్లుల అదే ఆట మళ్ల పెట్టిండ్రు. బొమ్మ కాడ ఆపిండ్రు. వేలు పెట్టి గుంజి పెద్దగ చేసిండ్రు. ఎంత పెద్దగ చేస్తే అంత చెదిరింది, ఎర్ర మరకలు తెల్ల మరకలు అయినయి. పేక ఒక్కటే కడితే కింద పడుగు రంగు కలిసి జర మసకగ కనబడ్తది. రెండూ కడితే రంగు నిండుగ ఉంటది. చేతిల పట్టుకుంటే ఇట్టే చెప్పొచ్చు. టీవీల అన్ని రంగులు నిండుగనే ఉంటయి, మసిబట్టిన వంట గిన్నె గూడ మెరుస్తది అందుల. నా కండ్లకైతే ఎర్రగ తప్ప ఇంకేం కనబడలే.

పిల్ల వాళ్లెవ్వరిని చూడలే. తండ్రిని చూస్తుండె. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నొద్దులు అది నోరు ఎందుకు ఇప్పలేదో, టీవీ లోపలనే పెట్టుమని ఎందుకు కొట్లాడిందో. కప్పు పోయినందుకు కాదు. తండ్రి నేసిన చీర కట్టుకొని, తండ్రి పని గురించి అడిగితే తప్పు చెప్పిన అని. వాడకట్టంత చూస్తుండంగ తండ్రి తల ఎట్ల పెట్టుకుంటడో అని.

నా కొడుకు పిల్ల దిక్కు తిరిగి, "బొమ్మ ఎంతసేపు చూపెట్టిండ్రు బిడ్డా?" అని అడిగిండు.

"జరంతసేపే నాయినా."

"ఊఁ" అన్నడు. లేచి టీవీ బంద్ చేసిండు. గుగ్గిళ్ల కాయిదాలు ఏరిండు.

వాళ్లందరు పోయినంక నాకు ఇంకో పరేషాన్ మొదలైంది. నా కొడుకు పెండ్లి కాకముందు వేరే ఊర్ల ఒక పెద్ద నేతగాని కింద పని చేసిండు. వాళ్లు కట్టేది రెండూ. పడుగు గూడ కడ్తరు, పేక గూడ కడ్తరు, ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద వెంట్రుక తేడా లేకుండ కూసోబెడ్తరు. ఆ పని చేతికి పట్టుబడి వచ్చిండు వాడు. ఇక్కడ ఆ పనికి గిరాకి లేక వదిలేసిండు. పిల్ల పుట్టకముందు సంగతి, దానికి తెల్వదు. వాడు టీవీకి మూరెడు దూరంల కూసున్నడు. వాడికి కనబడలేదా? కనబడితే ఎందుకు చెప్పలే? చెప్తే పిల్ల తప్పైతది. చెప్పకపోతే టీవీవోడు తప్పైతడు. వాడు చెప్పకపోయేసరికి ఎవరు తప్పో తెల్వకుండ పోయింది. అడుగుదమంటే నోరు రాలే.

తెల్లారి పిల్ల పట్నం పోవుడుకు సంచి సదురుకున్నది. చిట్యాల దాక తండ్రి బండి మీద దింపాలె. నేను వాళ్లెంట రోడ్డు దాక పోయిన. రోడ్డు మీది చాయ్ హోటల్ కాడ రాత్రి లొల్లి చేసినోళ్లే కూసున్నరు. ఎదురింటాయన నా కొడుకును ఆపిండు.

"ఏమోయ్, నువ్వు చెప్పు. పేకనా, రెండా?"

పిల్ల బండి వెనుక కూసొని సంచి గట్టిగ పట్టుకున్నది.

నా కొడుకు బండి ఇంజన్ బంద్ చెయ్యకుండనే అన్నడు. "నన్నడిగినా గదే చెప్తుంటి. పేక అనే చెప్తుంటి."

"సూసినవా?" అన్నడు ఎదురింటాయన మూలమీది ఇంటాయనతోని. మూలమీది ఇంటాయన చాయ్ తాగిండు. పిల్ల నన్ను చూసి పోయొస్త అవ్వా అన్నది. బండి పోయింది.

పొద్దు జర ఎక్కినంక నా కొడుకు వాపసు వచ్చిండు. అంగి ఇడిసి దండెం మీద ఏసిండు.

"బస్సు దొరికిందా?"

"దొరికింది."

"పిల్ల ఏమన్నది?"

"దసర సెలవులకు వచ్చినప్పుడు పడుగు కట్టుడు చూపెట్టమన్నది."

"దానికెట్ల తెలుసు నీకు వస్తదని?"

"నేనే చెప్పిన, దారిల."

"మరి హోటల్ కాడ గట్లెందుకు అన్నవు?"

వాడు గుంతల దిగి కూసున్నడు. తెగిన పోగు అతుకేసి మగ్గం ఆడిచ్చిండు. నేను కండెల బుట్ట తెచ్చి పక్కన పెట్టిన.