సీసానికి బదులు సీసా

మొన్న మైదుకూరు పోతే, మా మేనమామ మనవడు షెడ్డులోని పాత అంబాసిడర్‌ను కడిగి, ఎక్కడినుంచో తెప్పించిన చిన్న సీసా ఒకటి నా చేతికిచ్చాడు. "అత్తా, పాత ఇంజన్లకు పెట్రోల్లో సీసం బదులు ఇది పొయ్యాలంట" అన్నాడు. దానిమీది ఇంగ్లీషు వాక్యం చదవగానే నాకు ఒళ్ళు మండింది. "ఆ ఇంజనుకు అక్కర్లేదు, పారెయ్" అన్నాను. వాడు బిక్కమొహం వేశాడు. పాపం, నా కోపం వాడి మీద కాదు.

నేను మామ ఇంట్లో ఉండి ఇంటర్ చదివేదాన్ని. మామ ఆ కారులో జనాన్ని మంత్రాలయం తీసుకుపోయి తెచ్చేవాడు. ఇల్లు గడిచేది దానిమీదే. కారు తుడిచిన బట్టతో తన మొహం కూడా తుడుచుకునేంత ప్రేమ ఆయనకు ఆ కారంటే. అప్పట్లో పెట్రోల్లో సీసం కలిపేవారు. వాల్వులు వచ్చి కూర్చునే సీట్లు అరిగిపోకుండా అదే కాపాడేదట. సీసం ఆపేసిన ఏడు మా కారు పని చూసే సాయిబు మామతో, "ఇంజను మీది హెడ్డు ఇప్పి గట్టి సీట్లు ఏయించుకో అప్పా, ఒగసారి చేస్తే సాలు" అన్నాడు. మామకు నచ్చలేదు. కర్నూలులో తెల్లచొక్కా వేసుకుని కూర్చునే విడిభాగాల షాపాయన ఎర్రటి మందు సీసా ఇచ్చి, ట్యాంకుకు రెండు మూతలు చాలన్నాడు. మామ దాన్ని తెచ్చి మీది ఇంగ్లీషు నాతో చదివించుకున్నాడు. మొన్నటి సీసా మీదున్న వాక్యమే అదీ. "వాల్వులను పూర్తిగా కాపాడుతుందట మామా" అని గొప్పగా అర్థం చెప్పాను. మరునాడు స్టాండులో పదిమంది డ్రైవర్ల ముందు, "పనిల్యాక నా ఇంజను ఇప్పాలని చూస్తాండావు సాయిబూ. మా పాప సదివి చెప్పింది" అన్నాడు మామ. సాయిబు చేతులు తుడుచుకుని తన పనికి పోయాడు.

ఆ ఎండాకాలం ఒక ముసలి దంపతులను మంత్రాలయం తీసుకుపోతూ మామ నన్నూ ఎక్కించుకున్నాడు. బనగానపల్లె దాటాక ఒక ఎత్తు దగ్గర ఇంజను దగ్గి, బలం చచ్చి ఆగిపోయింది. కనుచూపుమేర నీడ లేదు. ముసలామె తడిగుడ్డ నెత్తిన వేసుకుని కారు పక్కనే నేలమీద కూర్చుంది. చివరికి వాళ్ళను లారీ ఎక్కించాం. మామ వెనక్కి బనగానపల్లె పోయి ఫోను చేస్తే రెండు బస్సులు మారి వచ్చింది ఎవరనుకున్నారు, ఆ సాయిబే. హెడ్డు విప్పి, "వాల్వులు సీట్లలోకి దిగబడిపోయినాయప్పా" అన్నాడు. డిక్కీలోని ఎర్ర సీసా వాసన చూసి నాకూ చూపించాడు. కిరసనాయిలు. రంగు మాత్రం వేళ్ళకు అంటుకుంది. నేను ముందే చెప్పలేదా అన్న మాట ఆయన నోట రాలేదు. హెడ్డును గోనెలో చుట్టుకుపోయి, గట్టి సీట్లు వేయించి మూడోరోజు తెచ్చి బిగించాడు.

తర్వాత నేను పట్టుబట్టి మామను కర్నూలు షాపుకు తీసుకుపోయాను. పదిమందిలో సాయిబును కడిగేసిన మామ అక్కడ చేతులు కట్టుకుని, "సార్, కిరసనాయిలు వాసనొస్తాంది సార్" అన్నాడు. షాపాయన తలెత్తకుండానే, "పాతబండ్లు అట్లే చస్తాయప్పా. ఇంగెవురూ వచ్చి ఇట్ల అడగల్యా" అంటూ ఇంకో డ్రైవరుకు అదే సీసా అందించాడు. నేను ఆగలేక, "అన్నా, కొనొద్దు, అది ఉత్త కిరసనాయిలు" అన్నాను. డ్రైవరు మామ వైపు చూశాడు. మామ తల దించుకున్నాడు. అతను సీసా కొనుక్కుని పోయాడు. మామ నా మణికట్టు పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

వారం తర్వాత గంపెడు మామిడికాయలు నా చేత సాయిబు ఇంటికి పంపాడు. "కాయలు పిల్లోల్లు తింటార్లేమ్మా. మీ మామను ఒగసారి రమ్మను" అన్నాడు సాయిబు. చెబితే మామ "పోతాలే" అన్నాడు. ఏండ్ల తరబడి అదే మాట. సాయిబు పోయినప్పుడు వెళ్ళి, అందరికంటే వెనక నిలబడి వచ్చాడు. నేనూ ఆయన బతికుండగా వెళ్ళి, ఆ చదివింది నేనే, తప్పు నాది కూడా అని చెప్పలేదు.

ఇప్పుడు మామా లేడు. కాలం గడిస్తే కోపాలు చల్లారతాయంటారు. నాకైతే ఏండ్లు గడిచేకొద్దీ ఎవరి మీద ఎంత కోపపడాలో తేటగా తెలుస్తోంది, అందులో నా వంతు కూడా.