నాన్న కత్తికి నేను కుట్టిన ఒర

నాన్న జీడిమామిడి అంట్లు కట్టే మడత కత్తికి ఈ రోజు తోలు ఒర కుట్టాను. ఆయన పోయాక అది సొరుగులో పడి తుప్పు పట్టేస్తోందని నా బాధ. దాని పిడి ఏటికొప్పాకలో చేయించుకున్నది, ఎర్ర లక్క పూత. నాన్న బొటనవేలు ఆనే చోట మాత్రం లక్క అరిగిపోయి, చెక్క నున్నగా బయటపడి ఉండేది.

తోలు తడిపి, మడిచిన కత్తిని లోపల పెట్టి కుడితే, ఆరాక ఒర సరిగ్గా దాని ఆకారానికి వస్తుందని వీడియోలో చూశాను. అంతవరకు బాగానే చేశాను. కానీ నర్సీపట్నంలో నాలుగు రోజులుగా ముసురు. తొందరగా ఆరాలని, పొయ్యి మీద పెనం పెట్టి సన్న సెగలో దాని మీద ఉంచాను. గంట తర్వాత ఎంత లాగినా కత్తి రాలేదు.

బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే సింహాచలం గారికి చూపించాను. ఆయన ఒకసారి వాసన చూశారు.

“లక్క పిడిని సెగ కాడెట్టేసేరేటండీ? ఏటికొప్పాక పక్కనుండి ఇది తెల్దా మీకు?”

“బయటికి వస్తుందా?”

“ఒర కోసేత్తే కత్తొస్తాదండి. పూతే, మరి ముందున్నట్టు ఉండదు.”

కోశారు. కరిగిన లక్క కొంత తోలుకి పోయింది, మిగిలింది పిడంతా పాకి గడ్డకట్టింది. నాన్న వేలి చోటు ఎక్కడో తడిమినా తెలియడం లేదు.

తుప్పుకైతే ఇంకా చాలా ఏళ్లు పట్టేది. మీ ఇంట్లో పోయినవాళ్ల వస్తువుని సొరుగులోనే ఉండనిచ్చారా, నాలాగే ప్రేమ చూపించారా?