తెలిసి చెరిపిన పేరు

రేణుక అనే అమ్మాయికి చేసిన అన్యాయాన్ని ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్ప చెప్పుకోవడమే. హాయిగా పింఛను తింటూ బతికాను. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల్లో షోలాపూర్‌లో బీడీ కార్మికుల ఇళ్ల సొసైటీలో నేను హెడ్ క్లర్కును. సభ్యుల వివరాలు కంప్యూటర్ డేటాబేస్‌లోకి ఎక్కించే బాధ్యత నాది. జోడ్‌భావి పేటలో మగ్గం నేసేవాళ్ల బిడ్డ రేణుక. పేర్లన్నీ టైపు చేసి ఫ్లాపీల్లో ఇచ్చేది. వాటిని డేటాబేస్‌లోకి దించబోతే మిషన్ నత్తలా నడిచేది. సాయంత్రం మొదలుపెడితే తెల్లారినా అయ్యేది కాదు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి.

కారణం పట్టుకున్నాను. ఒకే మనిషి రెండుసార్లు ఎక్కకూడదని, పేరు, భర్త పేరు, ఇంటిపేరు మూడూ కలిసినవాళ్లు ఒక్కరే ఉండాలని నియమం పెట్టింది నేనే. మిషన్ ఒక్కో పేరుకూ ఆ తనిఖీ చేసి, పేర్లు వెతికే సూచిక, అదే ఇండెక్స్, సవరించి, డిస్కు మీద భద్రపరిచాక గానీ తర్వాతి పేరు ముట్టుకునేది కాదు. తనిఖీ, ఇండెక్స్ తీసేశాను. పేర్లను గుంపులుగా భద్రపరచమన్నాను. మధ్యాహ్న భోజనానికి ముందే అంతా దిగిపోయింది. ఆఫీసులో పేడా మిఠాయిలు పంచారు.

తనిఖీ తిరిగి పెట్టబోతే మిషన్ ఒప్పుకోలేదు. కొన్ని పేర్లు రెండేసి ఉన్నాయంది.

ఎందుకున్నాయో నాకు తెలియదా? ఇక్కడ స్థిరపడ్డ మా తెలుగువాళ్లలో అన్నదమ్ములంతా పెద్దకొడుక్కి తాత పేరే పెడతారు. ఇక్కడి మరాఠీ పద్ధతి అలవాటై పెళ్లిలో కోడలికి కొత్త పేరూ పెడతాం. చాలా ఇళ్లలో అది లక్ష్మే. అలా ఒకే ఇంట్లో ఇద్దరు లక్ష్మీబాయిలు, ఇద్దరి భర్తలూ నర్సయ్యలే. ఇదంతా తెలిసీ, ప్రతి జంటలో రెండోదాన్ని చెరిపేయమని మిషన్‌కు చెప్పాను. నియమం మార్చి, సభ్యురాలి నంబరు చేర్చి మళ్లీ దించవచ్చు. కానీ ఛైర్మన్ జాబితా కోసం కూర్చుని ఉన్నాడు. పేడా తిన్న నోటితో ఇంకా కాలేదని చెప్పడానికి నామోషీ. అంతే. నామోషీ!

ఇళ్ల కేటాయింపు జాబితా గోడకు అంటించగానే చిన్న లక్ష్మీబాయి వచ్చి తన పేరేదని గొడవపెట్టింది. ఛైర్మన్ అడిగితే, టైపు చేసే అమ్మాయి వదిలేసిందన్నాను. విన్న రేణుక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"కాకా, నేను వదిలిపెట్టలే. ఇద్దర్నీ ఎక్కించిన."

"ఎక్కిస్తే ఏడికి పోయింది? మిషన్ మింగిందా?"

"మిషన్‌కేం ఎరుక కాకా, పాపం. మీ ఇంట్ల గూడ నీ పేరుతోనే నీ చిన్నాయిన కొడుకున్నడు గద. మీ ఇద్దర్ల ఎవర్ని తుడుస్తవు?"

ఆఫీసంతా నవ్వింది. ఆ నవ్వుకు నాకు మండింది.

"జాస్తి బడ్‌బడ్ నక్కో, నోరు ముయ్యి. రేపట్నుంచి రాకు."

లక్ష్మీబాయి పేరు తర్వాతి జాబితాలో చేర్చాం. చేర్చగలిగాం చూడండి, అంత సులువు! రేణుకను మాత్రం ఎవరూ చేర్చలేదు. పేర్లు మింగే పిల్ల అని పేటంతా పాకింది. ఇంకే ఆఫీసూ ఆమెను కంప్యూటర్ ముట్టనివ్వలేదు. తల్లి పక్కన బీడీలు చుట్టడానికి కూర్చుంది.

రోజూ డైరీ రాసే అలవాటు నాకు. ఆ రోజు పేజీలో కూడా "ఆపరేటర్ పొరపాటు" అనే రాసుకున్నాను. ఎవరికి భయపడి? నేను తప్ప అది చదివేదెవరు? కింద గీత కూడా గీశాను.

ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లినా "సిస్టమ్‌లో మీ పేరు రాలేదమ్మా" అంటారు. వింటే ఒళ్లు మండుతుంది. రాకపోవడమేమిటి? ఎవడో చెరిపి ఉంటాడు. నాలాంటివాడు, తొందరగా పని ముగించి మెప్పు పొందినవాడు.

రేణుక ఇప్పుడు షోలాపూర్ పక్కనే కుంభారి ఊళ్లో ఉంటోందని విన్నాను. వెళ్లలేదు. వెళితే చాయ్ ఇచ్చి "పోనీ తీ కాకా" అంటుంది. ఆ మాట నాకంత సులువుగా దొరకకూడదు.

రేణుక అన్ని పేర్లూ సరిగ్గానే టైపు చేసింది. తెలిసి చెరిపింది నేను. నింద ఆమె మీద వేసింది నేను. రాసేశాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.