కాసియానో బుగ్గలోని గడియారం

పొటోసీ కొండ గనుల్లో కాసియానో కోల్కే బుగ్గే గడియారం. పొద్దున్నే గని నోటి దగ్గర కూర్చుని, ఆకలీ అలసటా తెలియనివ్వని కోకా ఆకులు ఒక్కొక్కటే ఈనె తీసి బుగ్గన పెట్టుకునేవాడు. ఆ ముద్దలో సారం అయిపోయిందంటే మూడు గంటలు గడిచినట్టే. చేతికి వాచీ ఉన్నవాళ్ళు కూడా "ఉమ్మావా కాసియానో?" అని అడిగాకే సుత్తి కింద పెట్టేవారు.

ఒక మంగళవారం ఉదయం గని లోపలికి వచ్చే దారి కూలింది. లోపల చిక్కుకున్నది కాసియానో, అతని బావమరిది నసారియో. సంచిలో కాస్త కోకా ఆకు ఉంది. రాతి సందులోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి, గాలి కూడా కప్పు పక్కనున్న ఒక పగుల్లోంచి సన్నగా వస్తోంది. దీపాలు ఆర్పేసి కూర్చున్నారు.

"రెండ్రోజులు దాటితే పైవాళ్ళు తవ్వరు బావా. మా నాన్నకి అదేగా జరిగింది. రెండ్రోజులు చూస్తా, తర్వాత ఆ పగుల్లోంచి దూరిపోతా" అన్నాడు నసారియో.

ఆ పగులు మీద చెయ్యి వేస్తే కప్పు మొత్తం దిగుతుందని కాసియానోకి తెలుసు. "దాన్లో నీ పొట్ట పట్టదురా. మా ఆవిడ వంట తిని పెంచిన పొట్ట" అన్నాడు.

"మా అక్క వంటని ఏమన్నా అంటే ఊరుకోను."

అలా వంటల మీద తగువులాడుకున్నారు, నిద్రపోయారు, లేచి మళ్ళీ తగువులాడుకున్నారు. మధ్యమధ్య నసారియో అడిగేవాడు.

"ఎంతయింది బావా?"

కాసియానో నాలుకతో బుగ్గ తడిమి చూసుకుని, "ఇంకా మంగళవారమే" అనేవాడు. ఎంతోసేపటికి, "బుధవారం పొద్దున" అన్నాడు.

"అయితే ఇంకా టైముందిలే" అని నసారియో వెనక్కి వాలేవాడు.

"బుధవారం సాయంత్రం" అన్న కాసేపటికి సుత్తి దెబ్బలు వినిపించాయి.

బయట ఎండ కళ్ళు పొడుస్తుంటే కాసియానో తన భార్య ప్రిమితీవాని చూసి, "బుధవారమే కదా, ఈ జనమంతా ఏంటి?" అన్నాడు.

"శనివారమయ్యా. రోజూ కుండెడు వేరుశనగ చారు మోసుకొచ్చి వీళ్ళకి పోస్తున్నా. తాగినవాడు తవ్వక చస్తాడా?"

నసారియో వెనక్కి తిరిగి గని నోటి వైపు చూశాడు. "శనివారమని తెలిస్తే నేను గురువారమే ఆ పగుల్లో దూరేవాణ్ణి."

అప్పుడు తెలిసింది సంగతి. ఆకు అయిపోకూడదని కాసియానో ఒక్కో ముద్దనీ సారం పోయాక కూడా బుగ్గలోనే అట్టేపెట్టాడు. లెక్క మాత్రం మూడు గంటలే వేశాడు.

"నా బుగ్గ ఎప్పుడూ తప్పదు. మీ క్యాలెండరే చూసుకోండి" అన్నాడు పౌరుషంగా.

ప్రిమితీవా అతని గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. ముద్ద అక్కడే ఉంది, పాత గోనె పీచులా.

"ఇక ఉమ్మవయ్యా" అంది, చారు గిన్నె చేతికిస్తూ.