గుడ్ల ధర మీద రాసిన శనివారం

ఆమె ఆర్థిక విలేఖరి కావడం వెనక గొప్ప ఆశయం ఏదీ లేదు. పత్రికలో చేరేనాటికి రాజకీయాల డెస్కు నిండిపోయింది. సినిమా పేజీకి సిఫార్సు కావాలి. ఎవరికీ అక్కర్లేక మిగిలింది వాణిజ్యం పేజీ. కిటికీ లేని గది, గోడకు నీళ్లు కారే ఏసీ, దాని కింద ఒక ప్లాస్టిక్ బకెట్. బకెట్ నిండినప్పుడల్లా పారబోయడం కొత్తగా చేరినవాళ్ల పని. తర్వాతెప్పుడో ఆమెకు అవార్డు ఇచ్చిన సభలో వక్త మాత్రం, సామాన్యుడి పక్షాన నిలబడాలన్న తపనే ఆమెను ఈ రంగంలోకి లాక్కొచ్చిందని చెప్పాడు. సభల్లో అలాగే చెబుతారు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుందంటే చప్పట్లు పడవు.

కూర్చున్నాక పని నేర్చుకుంది. దశాంశ బిందువు ఒక్క చోటు అటూ ఇటూ అయినా ప్రెస్సు దాకా పరుగెత్తి మిషను ఆపించేది కాబట్టి ఆఫీసులో ఆమెకు ‘పాయింటమ్మ’ అని పేరు పడింది. ముఖం మీదే పిలిచేవారు, ఆమె పలికేది. ప్రతి శనివారం ఆమె కాలమ్ వచ్చేది. ఎక్కడో బ్యాంకు పెద్దలు వడ్డీ పావు శాతం పెంచితే ఇక్కడ స్కూటరు కిస్తీ ఎందుకు బరువవుతుందో అందులో తేటగా ఉండేది. రాసిన ప్రతి వాక్యానికీ ఆమె పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఇది అన్నయ్యకు అర్థమవుతుందా?

అన్నయ్య ప్రభుత్వ బేరింగుల ఫ్యాక్టరీలో గ్రైండింగ్ సెక్షన్ మనిషి. ఆమె ఎమ్మే చదివింది ఆయన ఓవర్‌టైమ్ మీద. ఆ సంగతి ఆయన ఏనాడూ ఎత్తలేదు. ఆయన ఎత్తని లోటు వదిన తీర్చేది.

ఒకసారి అన్నయ్య ఇంట్లో మాటల మధ్య ఆమె నోరు జారి చెప్పిన, ఇంకా అచ్చుకాని వార్త ఒకటి మర్నాటికి ఫ్యాక్టరీ క్యాంటీన్లో, ఆ మర్నాటికి పోటీ పత్రికలో తేలింది. ఎడిటర్ ఆమెను నిలబెట్టి కడిగేశాడు. ఆమె వచ్చి అన్నయ్యను కడిగేసింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్య ఒక ఒప్పందం. ఆయన అడగడు, ఆమె చెప్పదు. చెప్పాల్సింది ఏదన్నా ఉంటే శనివారం కాలమ్‌లో ఉంటుంది.

ఆ ఒప్పందాన్ని ఆమెకంటే ఆయనే నిష్ఠగా పాటించాడు. సిమెంటు పైపుల కంపెనీ మూతపడేముందు ఆమె వరసగా కొన్ని వారాలు హెచ్చరిస్తూ రాసింది. ఆ కంపెనీలో పనిచేసే స్నేహితుడి వెంటపడి, పేపరు ముక్కలు చూపించి మరీ, అన్నయ్య అతని చేత వేరే కొలువు వెతికించాడు. స్నేహితుడు గట్టెక్కాడు. ఇక చూడండి, బేరింగుల ఫ్యాక్టరీ క్యాంటీన్లో శనివారం పేపరును వాతావరణ సూచన చదివినట్టు చదవడం మొదలుపెట్టారు. పాయింటమ్మ రాయలేదంటే వాన లేనట్టే.

ఒక ఏడాది ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నోటీసు అంటించారు. స్వచ్ఛందంగా ముందే తప్పుకునేవారికి పెద్ద మొత్తం ఇస్తారు. దరఖాస్తుకు శనివారం సాయంత్రం దాకా గడువు. ఫ్యాక్టరీ నడిచేదైతే ఆ డబ్బు తీసుకోవడం తెలివితక్కువ, అన్నయ్యకు ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. మూతపడేదైతే తీసుకోనివాడికి చట్టం విదిల్చే చిల్లర తప్ప ఏమీ మిగలదు. ఎటు వెళ్లాలో యూనియన్ నాయకులకే తెలియదు. తెలిసినట్టు ఉపన్యాసాలు మాత్రం ఇచ్చారు.

ఆ గురువారం అధికారులు ఆర్థిక విలేఖరులను పిలిచారు. హాలు బయటే ఫోన్లు ఒక ట్రేలో పెట్టించుకున్నారు. ఫ్యాక్టరీ మూసేస్తున్నాం, ప్రకటన సోమవారం సాయంత్రం, అప్పటిదాకా ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు అన్నారు. ఈ షరతును ఎంబార్గో అంటారు. ముందే చెప్పడం విలేఖరుల మీద ప్రేమతో కాదు. మంగళవారం పత్రికల్లో మూసివేతకు కారణాలు విపులంగా, అంటే అధికారులకు అనువుగా, అచ్చు కావాలని. మాట తప్పిన పత్రికకు మళ్లీ ఆ హాల్లో కుర్చీ ఉండదు. బిస్కెట్లు మాత్రం బాగున్నాయట.

శుక్రవారం ఆమె కాలమ్ ఇవ్వాలి. ఫ్యాక్టరీ మీద రాయకూడదు. నష్టాల పరిశ్రమల గురించి చూచాయగా రాసినా, ఈమె మాట తప్పి ముందే సూచన ఇచ్చిందని అధికారులు పట్టేస్తారు. మధ్యాహ్నం దాకా కుర్చీలో అటూ ఇటూ కదిలి, చివరికి కోడిగుడ్ల ధర ఎందుకు పెరుగుతోందో రాసి ఇచ్చింది. దాణా, రవాణా, ఎండలు. అచ్చుతప్పు ఒక్కటి లేదు.

సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్లింది. చెబుదామనే వెళ్లానని తర్వాత చాలామందితో అంది. కావచ్చు. అన్నయ్య బనీనుతో నేల మీద కూర్చుని మిక్సీ విప్పి పెట్టుకున్నాడు. దరఖాస్తు కాగితం టీవీ పక్కన, దాని మీద రిమోటు. వదిన టీ తెచ్చింది. ఆయన తలెత్తకుండా ఒప్పందంలో ఇమిడే ప్రశ్న ఒక్కటే అడిగాడు.

“రేపు దేని మీద రాశావు పాపా?”

“కోడిగుడ్ల మీద.”

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. నవ్వాడు.

“గుడ్ల మీదా? విన్నావటే, మీ ఆడబడుచు రేపు గుడ్ల మీద రాసిందట. ఇక మా ఫ్యాక్టరీకి ఢోకా లేదు.”

వదిన, అదేదో నేరుగా చెప్పొచ్చుగా అంది. ఆయన, అడక్కూడదే, దాని ఉద్యోగం పోతుంది అన్నాడు. ఆమె టీ తాగింది. చక్కెర ఎక్కువైందని కూడా అంది. గ్లాసు కడిగి బోర్లించి ఇంటికి వెళ్లిపోయింది.

దీన్ని వృత్తి ధర్మం అనేవాళ్లున్నారు. అవార్డు కమిటీ వాళ్లు అన్నారు కూడా. ధర్మసంకటంలో పడ్డ మనిషి కనీసం ఒక రాత్రి నిద్ర మానుకుంటుంది. ఆమె హాయిగా నిద్రపోయింది. ఇరవై ఏళ్లుగా గడువు దాకా నోరు కట్టేసుకుని కూర్చోవడం అలవాటైన మనిషి మరోసారి కట్టేసుకుంది, అంతే. తన రాతను చదివినట్టే తన మౌనాన్నీ చదివే పాఠకుడు ఒకడున్నాడన్న సంగతి ఆ టీ తాగుతున్నప్పుడు తెలిసింది. తెలిసినా లేచి వచ్చేసింది.

శనివారం అన్నయ్య కాలమ్ ఆసాంతం చదివి, దరఖాస్తు వెనకవైపు మిక్సీ తీగల బొమ్మ గీసుకున్నాడు. ఆయన్ను చూసి గ్రైండింగ్ సెక్షన్లో చాలామంది సంతకం పెట్టడం మానేశారు. సోమవారం సాయంత్రం ప్రకటన వచ్చింది. మంగళవారం ఆమె వ్యాసం అరపేజీ వచ్చింది. యంత్రాలు ఎప్పుడు పాతబడ్డాయి, కొత్తవి కొనాల్సిన ఏడాది ఆ డబ్బు ఎటు మళ్లింది, అన్నీ ఉన్నాయి. గ్రైండింగ్ రాయి అరిగినప్పుడు వచ్చే చప్పుడు దగ్గర్నుంచీ ఉంది, ఎందుకంటే అవన్నీ అన్నయ్య ఏళ్ల తరబడి అన్నం తింటూ చెప్పినవే. అవార్డు దానికే వచ్చింది. కార్మికుడి భుజం పక్కన నిలబడి రాసినట్టుందని ప్రశంసాపత్రంలో రాశారు.

అన్నయ్య ఒక్క మాట అనలేదు. వదిన అంది. ఇంటికి వచ్చిన ఆడబడుచును గుమ్మంలోనే నిలబెట్టి, “ఆ రోజు రెండు ముక్కలు చెబితే నీ సొమ్మేం పోయేది?” అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లింది. క్యాంటీన్ స్నేహితులు ఆయనతో మాట్లాడటం మానేశారు. చెల్లెలు చెప్పే ఉంటుందని, ఈయన తన డబ్బు ఎలాగో దక్కించుకుని తమను ముంచాడని వాళ్ల అనుమానం. ఆయన బ్యాంకు పుస్తకం చూపించినా నమ్మలేదు.

ఆమె కాలమ్ ఆపేస్తానని ఎడిటర్ దగ్గరికి వెళ్లింది. అవార్డు పేరు చెప్పి ప్రకటనలు వస్తున్న వేళ ఇదేం చాదస్తం, పాయింటమ్మా, కావాలంటే వారం సెలవు తీసుకో అన్నాడు. తీసుకుంది. మళ్లీ రాస్తోంది. తేలిక సంగతి ఏదన్నా రాయబోతే చెయ్యి ఆగుతుంది, బరువైనది రాస్తే ఎవరు బెదిరిపోతారోనని ఆగుతుంది. ఇప్పుడు ఎక్కువగా ప్రభుత్వ లెక్కలు ఎత్తి రాస్తోంది. ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఎవరికీ నష్టం లేదు.

అన్నయ్యకు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ పని దొరికింది. ఒక మధ్యాహ్నం ఆమె అక్కడికి వెళ్లింది. తన ప్లాస్టిక్ కుర్చీ ఆమెకు జరిపి ఆయన నిలబడ్డాడు. యూనిఫాం చొక్కా భుజాల దగ్గర వదులు, ఇంకెవరికో కుట్టింది.

“అన్నయ్యా, ఆ రోజు నేను చెప్పుంటే సంతకం పెట్టేవాడివా?”

ఆయన ఆలోచించాడు. “లేదు పాపా.”

“నా కోసం అనకు.”

“నీ కోసం కాదు. నీది చిన్నప్పట్నుంచీ పిరికి ప్రాణం. నోటితో చెబితే, ఊరికే భయపడుతున్నావనుకునేవాణ్ణి. రాసేటప్పుడు నువ్వు వేరే మనిషివి. నేను ఆ మనిషి మాటే విన్నాను.”

ఇప్పుడు వింటున్నావా అని ఆమె అడగలేకపోయింది. చదువుతున్నావా అని అడిగింది. అద్దాలు మార్చాలి అన్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. చూద్దాంలే అన్నాడు.

బయట కారు హారన్ కొట్టింది. ఆయన పరుగున వెళ్లి గేటు తీసి, కారుకు సలాం కొట్టి, మళ్లీ వేసి వచ్చాడు. ఆయాసపడుతూ గొంతు తగ్గించాడు.

“ఇక బయల్దేరమ్మా. మా చుట్టాలను ఇక్కడ కూర్చోబెట్టకూడదు. సెక్రటరీ చూస్తే మాట పడాలి.”

ఆమె లేచింది. ఆయన కుర్చీని గోడ పక్కకు, మొదట ఉన్న చోటికి జరుపుకున్నాడు.