అద్దాల వెనక కళ్లబొమ్మ

మా కోడలు మొన్న మూడేళ్ల మనవరాలి ఆటసామాన్లన్నీ సర్దింది. రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి, కార్లకొకటి, వంట సామాన్లకొకటి, బొమ్మలకొకటి అని విడదీసి, గుర్తుగా మూతల మీద పటాలు అతికించి, అన్నీ నేల మీదే పెట్టింది. "పైన పెడితే దానికి అందవు గదత్తా" అంది. అంత చిన్న మాటకు నా కళ్లల్లో నీళ్లెందుకు తిరిగాయో ఆ పిల్లకేం తెలుసు?

బేతంచెర్లలో మా ఇంట్లో బొమ్మలకు నేల మీద చోటుండేది కాదు. నాన్నకు బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఇల్లు కట్టేటప్పుడు ముందు గదిలో గోడ నిండా నున్నటి బండలతో అరలు పెట్టించి, వాటికి అద్దాల తలుపులు, తలుపులకు తాళం బిగించాడు. దాన్ని షోకేసు అనేవాళ్లం. ఆయన హైదరాబాదు పోయినప్పుడల్లా తెచ్చిన బొమ్మలు ప్లాస్టిక్ కవర్లతో సహా అందులోకే పోయేవి. తాళంచెవి అమ్మ బొడ్లో ఉండేది. లారీలవాళ్లు, చుట్టాలు, ఓట్ల కోసం వచ్చినవాళ్లు, అందరూ కాఫీ తాగుతూ మా బొమ్మల్ని మెచ్చుకునేవాళ్లు. మాకూ చూసే హక్కు ఉండేది, కాదనను. ఊళ్లో ఎటు చూసినా బండల దుమ్మే కాబట్టి ఆ అద్దాలు రోజూ తుడవాల్సి వచ్చేది. తుడిచేది నేనూ మా చెల్లెలూ.

అందులో పడుకోబెడితే కళ్లు మూసుకునే బొమ్మ ఒకటుండేది. ఎప్పుడూ నిలబెట్టే ఉంచారు కనుక అది ఒక్కనాడూ కళ్లు మూయలేదు. దాన్ని ఒక్కసారి నిద్రపుచ్చాలని మా చెల్లెలి ఆశ. ఒకసారి చెల్లెలు టైఫాయిడ్‌తో పడి మందులు మింగనని మొండికేస్తే, అమ్మ "జరం తగ్గనీ అమ్మీ, ఆ బొమ్మ నీకే ఇస్తా" అంది. పిచ్చిది, చేదు మందులన్నీ మింగి లేచి కూర్చుంది. తీరా బొమ్మ అడిగితే అమ్మ, "తగ్గిపాయ గదా, ఇంగెందుకు?" అంది.

చాలా ఏళ్ల తర్వాత మా తమ్ముడి కొడుకు ఆ అద్దం మీద అరచేత్తో కొట్టాడు. అంతే, అమ్మ తాళం తీసి ఆ కళ్లు మూసే బొమ్మను వాడి చేతికిచ్చింది. సాయంత్రానికి బొమ్మ చెయ్యి ఊడింది. "మగపిల్లోడు, పగలగొట్టక ఏం జేస్తాడు?" అని అమ్మ మురిసిపోయింది. పుట్టింటికి వచ్చి ఉన్న చెల్లెలు గడపలో నిలబడి అంతా చూసింది, చంకలో తన కూతురు. అమ్మ ఆ బొమ్మను విరిగిన వైపు గోడకు తిప్పి, మళ్లీ షోకేసులో పెట్టి తాళం వేసింది. అమ్మ పోయి ఏళ్లు గడిచినా ఆ కోపం నాకు పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు.

నిన్న చెల్లెలు కడప నుంచి మా ఇంటికి వచ్చింది. మనవరాలు డబ్బా మూత తీసి, తనకెంతో ఇష్టమైన బొమ్మను తెచ్చి చెల్లెలి ఒళ్లో పెట్టింది. అదీ కళ్లు మూసే బొమ్మే. "నిద్రపుచ్చు అవ్వా" అంది. చెల్లెలు పడుకోబెట్టింది. కళ్లు మూసుకున్నాయి. ఇన్నాళ్లకైనా దీని ఆశ తీరిందనుకున్నాను. చెల్లెలు బొమ్మ జుట్టు సవరించి, గౌను ముడతలు తీసి, లేచి వెళ్లి టీవీ పైనున్న అరలో గోడకు ఆనించి నిలబెట్టింది. బొమ్మ కళ్లు తెరుచుకున్నాయి. పాప ఏడుపందుకుంది.

"ఏడవాకు తల్లీ, కింద పెడితే పాడైపోతాది" అంది చెల్లెలు, అచ్చం అమ్మ గొంతుతో.

నేనే బొమ్మను దించి పాపకిచ్చాను. అమ్మ పోయింది, ఆ ఇల్లు పోయింది, ఆ అద్దాలూ పోయాయి. కాలం అన్నిటినీ తీసుకుపోతుందంటారు. మా చెల్లెలి దగ్గర మాత్రం ఆ తాళాన్ని వదిలేసి పోయింది.